నాయన కాలూ, మిల్లు బెల్లమూ

పోయిన వారం మోకాలి నొప్పికని మా వీధి చివర క్లినిక్కుకు పోయి కూర్చున్నాను. నా ముందర ఒక ముసలామె. లోపల డాక్టరు పిల్లవాడు తల ఎత్తకుండానే కంప్యూటరులో ఏదో కొట్టి, కాగితం చింపి ఆమె చేతికిచ్చినాడు. ఆమె ఇంకా తన మాట మొదలుపెట్టనే లేదు. "అంతేనా సామీ?" అని అడిగింది. వాడు తరువాతి మనిషి కోసం గంట నొక్కినాడు. ఆమె కాగితం మడుచుకొని బయటికి వచ్చేసింది. నేను నా నొప్పి సంగతి మరిచిపోయి లేచి ఇంటికి వచ్చినాను. వచ్చి ఈ కాగితాలు ముందరేసుకున్నాను.

నేను రాతగాణ్ణి కాను. ఐదో తరగతి దాకా అరవ బడి, ఆ తరువాత మిల్లు. తెలుగు మాకు ఇంట్లో మాట్లాడే భాషే గాని రాసుకునేది కాదు. అక్షరాలు పాత క్యాలెండర్లు, పొట్లాల కాగితాలు చూసి నా అంతట నేనే కూడబలుక్కున్నాను. అరవంలో అయితే ఇంకా చక్కగా రాస్తానేమో. కాని మా నాయన తన బాధంతా తెలుగులోనే చెప్పుకొని పోయినాడు. దాన్ని ఇంకో భాషలోకి మార్చే ఓపిక నాకు లేదు.

కోయంబత్తూరులో సంగు ఊదితే లేచి, సంగు ఊదితే పండుకొనే కాలం అది. మిల్లు సైరనును మేము సంగు అనే అనేవాళ్ళం. సింగానల్లూరు దావలో, మిల్లు వెనక లైన్ ఇండ్లలో మా కాపురం. నాయన బ్లో రూములో పనిచేసి రిటైరైనాడు. బేళ్ళు విప్పి దూదిని దులిపే చోటది. అక్కడ మనిషి నిండుగా కనపడడు, తెల్లటి పొగలో కనుబొమలు మాత్రం కనపడతాయి. నేను స్పిన్నింగులో ఉన్నాను. అమ్మ అప్పటికే పోయింది. ఇంట్లో నాయన, నేను, నా పెండ్లాము రుక్కు. మా అక్క లక్ష్మిని మదురైలో మిల్లు మనిషికే ఇచ్చినాము.

మిల్లు ఇండ్లలో ఒక పద్ధతి ఉండేది. షిఫ్టు దిగి గేటు దాటంగానే ప్రతివాడూ బెల్లం ముక్క నోట్లో వేసుకోవాల. గొంతులో పేరుకున్న దూదిని బెల్లం లాక్కొని కడుపులోకి దించుతుందని మా నమ్మకం. గేటు ఎదురుగా ఉండే అంగడివాడు టీ కంటే ముందు బెల్లం చేతిలో పెడతాడు. ప్రతి ఇంట్లో ఉప్పు జాడీ పక్కన బెల్లం డబ్బా. దాన్ని మేము తీపి కింద లెక్కవేయము. తీపి అంటే లడ్డు, జిలేబి, పెండ్లిండ్లలో ఆకు మీద పెట్టేది. బెల్లం మందు. నాయన పని మానుకున్నాడే గాని బెల్లం మానుకోలేదు. పొద్దున సంగుకు ఒక ముక్క, సాయంత్రం సంగుకు ఒక ముక్క, మధ్యలో దగ్గు వస్తే ఇంకొక ముక్క. రుక్కు మరిచిపోతే "అమ్మీ, నా మందు" అని గుర్తు చేసేవాడు.

ఆ ఏడు, అరవ లెక్కన ఆడి నెల గాలులు మొదలైనప్పుడు నాయన చిక్కడం చూసినాము. చొక్కా భుజాల మీద నిలిచేది కాదు. చెంబు చెంబు నీళ్ళు తాగేవాడు, తాగిన ప్రతిసారీ బయటికి పోయేవాడు. కక్కూసులు లైను చివర ఉంటాయి. "మామ కాపురం ఆ దావలోనే" అని రుక్కు నవ్వేది. మొదట మేమంతా నవ్వినాము.

మిల్లు డిస్పెన్సరీకి తీసుకుపోయినాను. అక్కడి డాక్టరు పేరు రాయను. ఆయన ఇప్పుడు లేడు, ఆయన పిల్లలుంటారు. ఆయనకు తెలిసిన ప్రశ్న ఒక్కటే, ఏ డిపార్ట్‌మెంటు అని. స్పిన్నింగు అంటే కాళ్ళ నొప్పి మాత్రలు. రీలింగు ఆడవాళ్ళంటే నడుముకు పూత మందు. బ్లో రూము అంటే ఎర్ర నీళ్ళు. ఇంక మనిషిని చూడాల్సిన పని లేదు. పెద్ద జాడీలోంచి మనం తీసుకుపోయిన సీసాలోకి కాంపౌండరు ఎర్ర నీళ్ళు వంచుతాడు. సీసా తీసుకురానివానికి జబ్బు లేనట్టే.

"ఏ డిపార్ట్‌మెంటు?"

"బ్లో రూము, సామీ," అన్నాడు నాయన. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వీపు కొంచెం నిటారుగా అయ్యేది.

"దుమ్ము. మూడు వేళలా తాగు. అడుత్త ఆళు." తరువాతి మనిషిని రమ్మని పిలుస్తున్నాడు.

"దాహం సామీ. ఎంత తాగినా..."

"దుమ్ము తింటే దాహం వేయదా? అడుత్త ఆళు."

బయట బెంచీ మీద ఒకడు అడిగినాడు. "ఏం పెద్దాయనా, ఎర్రదేనా?"

"వాళ్ళ దగ్గర ఇంకేం రంగుందిరా," అన్నాడు నాయన.

ఆడి పోయి ఆవణి వచ్చింది. సీసా నిండేది, ఖాళీ అయ్యేది. ఆ ఎర్ర నీళ్ళు నోటికి తియ్యగా ఉండేవి. నాయనకు ఇష్టంగానే ఉండేది.

పురటాసి శనివారాలు పెరుమాళ్ళకు మొక్కుకునే రోజులు. ఒక శనివారం నాయన కోవెలకు నడిచిపోయి నడిచి వచ్చినాడు. రుక్కు అప్పుడే గడప కడిగి ముగ్గు వేసి ఉంది. ముగ్గు మీదినుంచి లోపలి దాకా ఎర్రటి అడుగులు.

"మామా, కాలు చూపండి."

"ఏముందమ్మీ?"

చెప్పు అడుగునుంచి మేకు పైకి పొడుచుకొని వచ్చి ఉంది. మడమలో రంధ్రం. దాని మీదనే అంత దూరం పోయి వచ్చినాడు. "నొప్పే లేదు గదా," అని ఆయనే ఆశ్చర్యపోయినాడు. లైనులో ఆ మాట పాకింది. "బ్లో రూము మనిషి. ఇనప కాలు," అన్నారు. నాయన ఆ సాయంత్రమంతా వాకిట్లో కాలు చాపుకొని అందరికీ చూపించినాడు. నొప్పి లేకపోవడం మంచిది కాదని మాలో ఎవరికి తెలుసు? తెలిసినవాని దగ్గరికే పోయినాము మేము.

"ఏ డిపార్ట్‌మెంటు?"

"బ్లో రూము, సామీ."

"దుమ్ము."

"సామీ, ఇది కాలు," అన్నాను నేను.

"ఎందుకు, ఈ కాలు బ్లో రూములో పనిచేయలేదా?" అన్నాడు డాక్టరు. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వినారు. నాయన కూడా నవ్వినాడు. మడమకు పసుపు పచ్చటి పూత పూసినారు. సీసాలో ఎర్ర నీళ్ళు పోసినారు.

ఐప్పసి వానలకు పుండు నల్లబడింది. ఇంట్లో ఒక వాసన మొదలైంది. రుక్కు సాంబ్రాణి వేసేది, ఆ వాసన దాని కిందినుంచి వచ్చేది. నాయనకు జ్వరం. నేను మేస్త్రీ దగ్గర సెలవు అడుక్కొని, జట్కా మాట్లాడి, ఊళ్ళో పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయినాను.

ఆ వరండాను నేను మరిచిపోలేదు. పొద్దున పోతే సాయంత్రం దాకా కూర్చోవడం, సాయంత్రం ఒక నర్సు వచ్చి "నాళైక్కి వా" అనడం. అంటే రేపు రా అని. రేపు పోతే ఇంకో రేపు. ఒకరోజు నాయన గోడకు ఆనుకొని కండ్లు మూసుకుంటే, పోయినాడనుకొని ముక్కు దగ్గర వేలు పెట్టినాను. "ఉన్నానురా, కొంచెం జరుగు," అన్నాడు. సూలూరు పక్క పల్లెనుంచి వచ్చిన ఒకామె తన మొగుని కోసం తెచ్చిన గంజిలో సగం మూతలో పోసి నాయనకిచ్చింది. తన చాప కూడా జరిపింది. వాళ్ళదీ అదే రేపు. ఆమె పేరు కూడా నేను అడగలేదు.

చివరికి మంచం దొరికింది. నాయన మూత్రాన్ని గాజు గొట్టంలో నీలం మందులో పోసి, మంట మీద పెట్టినారు. నేను చూస్తుండంగానే ఆ నీలం పచ్చనై, పసుపై, ఇటుక రంగైపోయింది. పెద్ద డాక్టరు దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "షుగరు. చక్కెర మానేయాల," అన్నాడు. అని పక్క మంచానికి పోయినాడు. మాకు దొరికిన చదువు అంతే.

మేము దేవుని మాటగా పట్టుకున్నాము. రుక్కు ఇంట్లో ఉన్న చక్కెరంతా తీసి పక్కింటికిచ్చేసింది. దీపావళికి మా పొయ్యి మీద బాణలి పెట్టలేదు. ఇరుగుపొరుగు పంపిన తట్టలు వచ్చిన దావనే తిరిగిపోయినాయి. చక్కెర వద్దన్నారు గదా అని నాయన కాఫీలో కూడా బెల్లమే వేసినాము. మా లెక్కలో అది మందు మీద మందు.

అక్క వచ్చింది. మదురై బండి దిగి, పోదనూరునుంచి నేరుగా ఆసుపత్రికే వచ్చింది. నాయన కాలు చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్పు ఆగినాక సంచిలోంచి తాటాకు పెట్టె తీసింది. నిండా కరుపట్టి, తాటి బెల్లం. "చక్కెర వద్దన్నాడా, సరే. ఇది తాటిది. ఒంటికి చలువ," అన్నది. మంచం పక్కనున్న చిన్న బల్ల మీద మా డబ్బా, దాని పక్కన అక్క పెట్టె. నాయన దగ్గితే ఎవరు దగ్గరుంటే వాళ్ళు ఒక ముక్క నోట్లో పెట్టేవాళ్ళు.

సూదులు వేస్తున్నారు. పుండు మానలేదు. గాజు గొట్టం రోజూ ఇటుక రంగుకే తిరిగేది. కాలి వేళ్ళు రెండు తీసేసినారు. తీసేసిన చోటూ నల్లబడింది. పెద్ద డాక్టరు ఒకరోజు వార్డంతా వినపడేటట్టు అరిచినాడు. "ఎవరో దొంగతనంగా తీపి పెడుతున్నారు. ఎవరది?"

ఆ మాట మా ఇంట్లో నిప్పు పెట్టింది. వరండాలో అక్క నన్ను పక్కకు పిలిచింది.

"నీ పెండ్లామేరా. కాఫీలో చక్కెర వేస్తుంది. చేతికి అలవాటు."

రుక్కు ఆ వెనకనే ఉంది. "వదినె రాకముందు వేళ్ళు ఉన్నాయి, వచ్చినాక పోయినాయి. మదురైనుంచి ఏం మూట కట్టుకొచ్చిందో ఆమెనే అడగండి."

"కన్న నాయనకు నేను విషం పెడతానా?"

"నా చేత్తో కడిగి, తుడిచి, ఎత్తి పండబెట్టే మామకు నేను పెడతానా?"

ఇద్దరూ నావైపు చూసినారు. నేను ఎవరిని నమ్మాలో తెలియక ఇద్దరినీ తిట్టినాను. లోపలికి పోతే నాయన అన్నాడు, "వాళ్ళిద్దర్లో ఎవరో పెడుతున్నారంట గదా. ఆ పెట్టేదేదో నా నోటికి మాత్రం రాలేదురా." అని నవ్వబోయి దగ్గినాడు. అక్క పరుగున వచ్చి కరుపట్టి ముక్క నోట్లో పెట్టింది. రుక్కు నీళ్ళందించింది. ఆ ఒక్క పనిలో వాళ్ళిద్దరికీ తగాదా ఉండేది కాదు.

మార్గళి చలి మొదలైంది. ఆ వార్డులో ఒక చిన్న డాక్టరమ్మ ఉండేది, చదువు ఇంకా పూర్తి కాని పిల్ల. పెద్ద డాక్టరు వెనక తల వంచుకొని తిరిగేది. ఒక మధ్యాహ్నం ఒక్కతే పక్క మంచం దగ్గరుంది. నాయన దగ్గినాడు. అక్క ముక్క పెట్టింది. ఆ పిల్ల తల తిప్పింది.

"అదేంటి అక్కా?" అని అరవంలో అడిగింది.

"కరుపట్టి, డాక్టరమ్మా."

"రోజూ పెడతారా?"

"దగ్గినప్పుడల్లా. ఇది అయిపోతే మామూలు బెల్లం ఉంది. మేము మిల్లువాళ్ళం గదా."

ఆ పిల్ల వచ్చి నాయన మంచం మీదనే కూర్చుంది. ఆ ఆసుపత్రిలో డాక్టర్లు రోగి మంచం మీద కూర్చోవడం నేను చూడలేదు. డబ్బా మూత తీసి చూసింది. పెట్టె చూసింది. రెండింటి మూతలూ పెట్టేసింది. తరువాత మెల్లగా, "చక్కెర, ఇదీ రెండూ ఒకటే అక్కా. ఒంట్లోకి పోయినాక తేడా లేదు," అన్నది.

"ఇది మందు," అన్నది అక్క.

"ఈయనకు కాదు అక్కా."

అక్క చేతిలో ఇంకొక ముక్క ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అట్లే పట్టుకొని నిలబడింది. నాయన ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూసినాడు. "నోట్లో ఉండేది ఉమ్మాల్నా, మింగాల్నా?" అని నన్ను అడిగినాడు. ఎవరూ నవ్వలేదు.

మరుసటి పొద్దున పెద్ద డాక్టరు వచ్చినాడు. ఆ పిల్ల చెప్పి ఉంటుంది. వార్డు నడుమ నిలబడి, "చదువు లేని జనంతో ఇదే కర్మ. చక్కెర వద్దంటే బెల్లం పెడతారు. మీ చేతులతో మీరే చంపుకుంటారు," అన్నాడు. అక్క గోడ వైపు తిరిగింది. రుక్కు అక్క భుజం పట్టుకుంది.

నాకు అప్పటిదాకా నోరు రాలేదు. ఆ రోజు వచ్చింది. "ఆ డబ్బా రోజూ మీ ఎదురుగానే ఉండాది సామీ. దాన్ని పక్కకు జరిపి మీరే కదా మీ సామాను పెట్టుకున్నారు. చదువు లేకనే మీ దగ్గరికి వచ్చినాము. చదువుకున్న మీరు, ఈ మనిషి ఏం తింటాడని ఒక్క మాట అడిగినారా? మిల్లు డాక్టరు అడిగినాడా?"

ఆయన నావైపు చూసినాడు గాని, జవాబు చెప్పాల్సిన మనిషిని చూసినట్టు చూడలేదు. "బయట నిలబడు," అన్నాడు.

బయట నిలబడినాను. నిలబడకపోతే నాయనను మంచంతో సహా బయట పెడతారని భయం. కాసేపటికి బయటికి వచ్చి, కాలు మోకాలి పైదాకా తీసేయాలన్నాడు. నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. నాయన కాలి కోసం ఇంకొకని కాళ్ళు పట్టుకున్నాను. "ఇప్పుడే కదా సామీ తెలిసింది. బెల్లం మానేసినాము. ఒక వారం చూడండి. ఒక్క వారం."

"నలుపు పైకి ఎక్కుతోంది. నీకు కాలు కావాల్నా, మనిషి కావాల్నా?"

లోపలికి పోయి నాయనకు చెప్పాల్సి వచ్చింది. ఎట్ల చెప్పినానో గుర్తులేదు. ఆయన మాత్రం దుప్పటి తీసి ఆ కాలును కాసేపు చూసుకున్నాడు. "బేళ్ళు తొక్కిన కాలురా," అన్నాడు. తరువాత, "మీ అక్కను తిట్టొద్దు. రుక్కును తిట్టొద్దు. నేనే అడిగి తిన్నాను," అన్నాడు.

కాలు తీసినాక, తెలివి రాంగానే ఆయన అన్న మొదటి మాట ఇది. "రంగా, నొప్పి పుడుతోందిరా. మడమలో. ఆ మేకు దిగిన చోటనే." దుప్పటి కింద అక్కడ ఏమీ లేదు. కాలు ఉన్నన్నాళ్ళూ రాని నొప్పి, కాలు పోయినాక వచ్చింది. నర్సును పిలిస్తే, లేని కాలికి నొప్పేమిటని విసుక్కొని పోయింది. చిన్న డాక్టరమ్మ మాత్రం వచ్చి, అట్ల వస్తుంది తాతా, అది నిజమైన నొప్పే అని చెప్పింది. ఆ మాటకు నాయన ఏడ్చినాడు. కాలు పోతుందంటే ఏడవనివాడు, తన నొప్పిని ఒకరు నమ్మినందుకు ఏడ్చినాడు.

తై నెలలో ఇంటికి తెచ్చుకున్నాము. అక్క మదురైకి పోయేముందు రుక్కు చేతులు పట్టుకుంది. రుక్కు బెల్లం డబ్బా కడిగి బోర్లించింది. నాయన దగ్గు మాత్రం పోలేదు. దగ్గు వచ్చినప్పుడల్లా ఆయన కళ్ళు ఆ డబ్బా వైపు పోయేవి. అడిగేవాడు కాదు. అడిగి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదేమో. ఆ తరువాత ఆయన కొన్నేళ్ళు బతికినాడు. వాకిట్లో కుర్చీలో కూర్చొని సంగు ఊదినప్పుడల్లా షిఫ్టు మారేవాళ్ళను పేరు పేరునా పలకరించేవాడు.

కట్టు మార్చడానికి, సూది వేయించడానికి మళ్ళా మిల్లు డిస్పెన్సరీయే గతి. మొదటిసారి పోయిన రోజు నేను రాత్రి షిఫ్టు దిగి, తలలో దూది కూడా దులుపుకోకుండా, నాయనను వీపు మీద ఎక్కించుకొని పోయినాను. బెంచీ మీద వాళ్ళు లేచి దారి ఇచ్చినారు. డాక్టరు తల వంచి రాసుకుంటున్నాడు.

"ఏ డిపార్ట్‌మెంటు?"

నాయన నా వీపు మీదినుంచే చెప్పినాడు. "బ్లో రూమే సామీ. ఇప్పుడు కాలు కూడా రిటైరైంది."

డాక్టరు తల ఎత్తినాడు. అన్ని నెలల్లో ఆయన కండ్లు నేను చూడటం అదే మొదటిసారి. ఖాళీగా వేలాడే పంచెను చూసినాడు. "ముందే చూపించి ఉండాల్సింది," అన్నాడు.

నాయన వేళ్ళు నా భుజంలోకి దిగినాయి. ఏమీ అనొద్దని. కాంపౌండరు అలవాటు కొద్దీ సీసా కోసం చెయ్యి చాపినాడు. "ఆ ఎర్ర నీళ్ళు తియ్యగా ఉంటాయే. దాంట్లో ఏం కలుపుతారు?" అని అడిగినాను. కాంపౌండరు డాక్టరు వైపు చూసినాడు. డాక్టరు తరువాతి మనిషిని పిలిచినాడు. తెచ్చుకున్న సీసాను ఆ బల్ల మీదనే పెట్టేసి, కట్టు మార్పించుకొని వచ్చేసినాను.

వచ్చేటప్పుడు మాట్లాడుకున్న జట్కా మిల్లు గేటు దగ్గర ఆగింది. అంగడివాడు నాయనను చూసి పరుగెత్తుకొచ్చినాడు. కాలు సంగతి వాడు విన్నాడు గాని, బెల్లం సంగతి వినలేదు. ఎప్పటి మాదిరే ఒక ముక్క తెచ్చి నాయన చేతిలో పెట్టి, "ఎన్నాళ్ళైంది పెద్దాయనా, తినండి," అన్నాడు. నేను లాక్కోబోయినాను. నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసినాడు. అంతలో నాకు దగ్గు వచ్చింది. రాత్రంతా మింగిన దూది.

"నోరు తెరువురా," అన్నాడు.

తెరిచినాను. చిన్నప్పుడు పెట్టినట్టు నోట్లో పెట్టినాడు. జట్కా కదిలినాక, మిల్లు గోడ వైపు చూస్తూ అన్నాడు. "రేపు నీకు ఏదైనా వచ్చి డాక్టరు దగ్గరికి పోతే, రోజూ ఇది తింటానని చెప్పు. ఆయన అడగడు. నువ్వు చెప్పు. అడుత్త ఆళు అన్నా లేవొద్దు. చెప్పినాకనే లెయ్యి."